మండీలో దించిన పరస్థానం

మద్రాసుకు టెలిగ్రాం వెళ్లిపోయిందన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిశాక చిట్టచివర మునిలక్ష్మికి తెలిసింది. విమానం ఎక్కవలసింది ఆమే. అయినా ఆ ఇంట్లో ఏ సంగతైనా ముందు పరంధామయ్యకు, తరువాత బెల్లం మండీలో గుమాస్తాలకు, ఆ తరువాత వంటింటికి తెలియడం ఆనవాయితీ. బడి నుంచి వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే, తోడికోడలు నాగరత్నమ్మ చెంబుతో నీళ్లు పోస్తూ తల ఎత్తకుండా చెప్పింది.

"మీ బావ మద్దేనం తంతి కొట్టించినాడంట మే. ఎయిరిండియానే ఖాయం చెయ్యమన్నాడంట."

మునిలక్ష్మి రెండో కాలు కడుక్కోలేదు. తడికాలితోనే హాల్లోకి నడిచింది.

హాల్లో పరంధామయ్య ఉయ్యాలబల్ల మీద కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తున్నాడు. చిత్తూరు బెల్లం బజార్లో ఆయన మాటంటే మాట. చుట్టుపక్కల ఊళ్ల రైతులంతా ఆయన మండీలోనే సరుకు దించుతారు. మనిషి చెడ్డవాడు కాడు. చిక్కేమిటంటే, తనకు తెలియని సంగతి కూడా లోకంలో ఒకటి ఉంటుందని ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆయన పక్కన నేల మీద తల్లి సుబ్బులమ్మ కూర్చుని ఉంది. కాస్త ఎడంగా గోడకు ఆనుకుని తమ్ముడు ఏకాంబరం, అంటే మునిలక్ష్మి మొగుడు. చేతిలో పేపరు ఉంది. చదువుతున్నాడో, దాని వెనక దాక్కున్నాడో చెప్పడం కష్టం.

"తంతి ఇచ్చినారంట బావా," అంది మునిలక్ష్మి.

"ఇచ్చినాను అమ్మణ్ణీ. పని అయిపోయింది. ఇంక నువ్వు నిమ్మళంగా ఉండు."

"పొయ్యేది నేను. నన్నొక మాట అడగల్ల గదా."

పరంధామయ్య ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. ఆకు నోట్లో ఉన్నంతసేపు ఆయన జవాబు చెప్పడు, ఎదుటివాళ్లు మళ్లీ అడగరు. ఆ ఇంట్లో ఎన్నో తగాదాలు ఆ ఆకు నమిలేలోపే చల్లారిపోయాయి. మునిలక్ష్మి మాత్రం ఆయన నమలడం అయ్యేదాకా అక్కడే నిలబడింది.

ఆఫ్రికాలో జాంబియా అనే దేశం, అందులో లుసాకా అనే ఊరు, ఆ ఊళ్లో ఆడపిల్లల హైస్కూలు. అందులో లెక్కల టీచరు ఉద్యోగం. మద్రాసులో ఇంటర్వ్యూకు వచ్చిన మగ టీచర్లందరినీ దాటి మునిలక్ష్మి తెచ్చుకున్నది. ఆ ఉత్తర్వు చేతికందిన నాటి నుంచి ఇంట్లో పోరే పోరు. మొదట వద్దంటే వద్దన్నాడు పరంధామయ్య. సుబ్బులమ్మ అన్నం మానేసింది. నాగరత్నమ్మ ఎటు మాట్లాడితే ఏమవుతుందోనని వంటింట్లో గిన్నెల చప్పుడు పెంచింది. చివరికి ఒకనాడు పరంధామయ్యే మెత్తబడి, పోతే పో గానీ ఏ విమానంలో పోవాలో మాత్రం నేను చెప్తానన్నాడు. ఆనాడు మునిలక్ష్మికి నవ్వొచ్చింది. విమానం ఏదైతేనేం, చేరితే చాలు గదా అనుకుంది. అంత చిన్న షరతులో అంత పెద్ద 'వద్దు' దాచిపెట్టి ఉన్నాడని ఈవేళ తెలిసింది.

విమానాలు రెండున్నాయి. టికెట్టు ఆ దేశపు ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి, ఏది కావాలో చెప్పమని మద్రాసు ఏజెంటు అడిగాడు. ఒకటి ఇథియోపియావాళ్ల విమానం. వచ్చే మంగళవారం బొంబాయిలో ఎక్కితే, ఆడిస్ అబాబాలో ఒక రాత్రి ఆగి, మర్నాడు లుసాకాలో దించుతుంది. రెండోది మన ఎయిరిండియా, నైరోబీ దాకా. బంగారుపాళ్యం మునిరామయ్య కూతురూ అల్లుడూ వచ్చే నెల చివర్లో అందులో పోతున్నారు. వాళ్లకు నైరోబీలో అంగడి ఉంది. ఆడమనిషి పోతే వాళ్ల తోడులోనే పోవాలని పరంధామయ్య పట్టు. లుసాకాలో బడి తెరిచేది మాత్రం వచ్చే నెల మొదట్లో. ఆ రోజుకు చేరని టీచరు ఉద్యోగం వేరొకరికి పోతుంది.

"బావా, మునిరామయ్య కూతురు దిగేది నైరోబీలో. నేను పోవల్సింది లుసాకాకు," అంది మునిలక్ష్మి.

"రెండూ ఆఫ్రికాలోనే గదా. ఆడ దిగినాక వాళ్లే నిన్ను బస్సెక్కిస్తారు."

మునిలక్ష్మి లోపలికి పోయి బడి అట్లాసు తెచ్చి ఉయ్యాలబల్ల మీద పరిచింది. వేళ్లతో కొలిచి చూపించింది. నైరోబీ నుంచి లుసాకాకు ఎంత దూరమో, చిత్తూరు నుంచి ఢిల్లీకి ఇంచుమించు అంత దూరమని చెప్పింది. ఢిల్లీకి పోయేదాన్ని చిత్తూరులో దించి, ఇంక బస్సెక్కు అంటే ఎట్లా బావా అని అడిగింది. పరంధామయ్య అట్లాసును ఒక్క చూపు చూసి, దీంట్లో పక్కపక్కనే ఉండాయే అన్నాడు.

గడువు సంగతి ఎత్తితే ఆయన నవ్వాడు కూడా.

"గడువంటే ఏందమ్మణ్ణీ. మండీలో ఎంతమందికి గడువు పెట్టినాను, ఎంతమందికి పొడిగించినాను. మొదట బిగబట్టేది, తరవాత వదిలేది. మనం రామంటే వాళ్లే ఎనకొస్తారు. అదీ యాపారం."

ఆయన నటించడం లేదు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. పుట్టిబుద్ధెరిగిన నాటి నుంచి గడువులు పెట్టీ పొడిగించీ బతికినవాడికి, పొడిగించని గడువు కూడా ఉంటుందంటే ఎట్లా నమ్మకం కుదురుతుంది? అది తెలిసి మునిలక్ష్మికి ఇంకా ఒళ్లు మండింది. అబద్ధమాడేవాడితో తగాదా పెట్టుకోవచ్చు. నమ్మి చెప్పేవాడితో గోడకు చెప్పుకున్నట్టే.

ఆ తరువాత అసలు మాట బయటికి వచ్చింది. ఊరుగాని ఊళ్లో, పరాయి దేశంలో, ఓటల్లో ఒక రాత్రి ఒంటరిగా ఆడకూతురు ఉందంటే బజార్లో నలుగురూ ఏమనుకుంటారని పరంధామయ్య అడిగాడు. ఆ రాత్రి బస విమానంవాళ్లే ఏర్పాటు చేస్తారని, ప్రయాణికులంతా అక్కడే ఉంటారని మునిలక్ష్మి చెప్పింది. చెప్పినకొద్దీ ఆమె గొంతు పెద్దదవుతోంది.

"ఒక క్లాసు ఆడపిల్లల్ని మద్రాసు చూపించేదానికి పిలుచుకోనిపోయి, ఒక్కరు తప్పిపోకుండా తిరిగి తెచ్చినదాన్ని బావా నేను. నన్నొక్కదాన్ని నేను పిలుచుకోనిపోలేనా?"

సుబ్బులమ్మ కళ్లొత్తుకుంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మునిలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. మీరేమంటారు అని నేరుగా అడిగింది. జవాబు తెలిసి కూడా లేవని పిల్లను క్లాసులో ఎంతసేపు చూస్తుందో అంతసేపు చూసింది. ఏకాంబరం పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు. అన్న ఆయన్ను చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచాడు. అన్న మాటకు ఎదురు చెప్పడం ఆయన నేర్చుకోలేదు. బొంబాయి దాకా తోడు వస్తానని మునిలక్ష్మికి మాటిచ్చింది మాత్రం నిజం.

"అన్న చెప్పినాడు గదా మే..." అన్నాడు, మిగతాది మింగేసి.

ఆ మాట విన్నాక ఆమె ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పులేసుకుని వీధిలోకి దిగింది.

హెడ్డు పోస్టాఫీసులో తంతి గుమాస్తా పరంధామయ్యకు బాగా తెలిసినవాడు. అయ్యగారు మధ్యాహ్నమే వచ్చి ఇచ్చిపోయారు కదమ్మా, ఇప్పుడు మీరు ఇంకో మాట ఇస్తే నామీద కోప్పడతారేమో అని నసిగాడు. ప్రయాణం చేసేది అయ్యగారు కాదు, నేను అని మునిలక్ష్మి ఫారం నింపింది. ముందు వచ్చిన టెలిగ్రాం వదిలేయండి, మంగళవారం ఇథియోపియా విమానమే ఖాయం చేయండి, ప్రయాణికురాలిని నేను, అని రాసింది. ఆ చివరి ముక్క అనవసరం అమ్మా, తీసేస్తే ఖర్చు తగ్గుతుంది అని గుమాస్తా సలహా ఇచ్చాడు. మిగతాదంతా తీసేసినా ఫరవాలేదు, అది మాత్రం ఉండాలి అంది.

ఆమె ఇల్లు చేరేలోపే వార్త ఇల్లు చేరింది.

విస్తళ్లు వేసి ఉన్నాయి, ఎవరూ అన్నం కలపడం లేదు. పరంధామయ్య కోప్పడలేదు. మండీలో కూడా బేరం బిగిసినప్పుడే ఆయన గొంతు తగ్గుతుంది. మంగళవారం బొంబాయిలో విమానం ఎక్కాలంటే ఆదివారం రేణిగుంటలో రైలెక్కాలి, అవునా అని అడిగాడు. అవునంది మునిలక్ష్మి.

"ఆదివారం పడమటికి శూల. మా నాయన కాలం నుంచి బెల్లం బండి గూడా ఆదివారం పడమటి దిక్కు కదల్లేదు. నువ్వు తంతి మార్చగలవు గానీ వారాన్ని మార్చలేవు గదమ్మణ్ణీ."

సుబ్బులమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"నేల మీద పొయ్యేవాళ్లకే శూల తగిల్తే కాలూ చెయ్యీ ఇరుగుతాది. ఆకాశంలో పొయ్యేదానివి, నీకేమన్నా అయితే ఎట్లమ్మా. సూస్తా సూస్తా ఎట్ల పంపేది."

పరంధామయ్య మాటైతే మునిలక్ష్మి దులిపేసుకునేదే. ముసలామె భయం అట్లా కాదు. కోడలిగా వచ్చిన కొత్తలో, ఇంటి చాకిరీ నేను చూసుకుంటాను, నువ్వు పోయి బి.ఇడి. చదువుకోమని పంపింది ఈ అత్తే. ఆ రుణం తలుచుకుంటే, శూలలూ గీలలూ నేను నమ్మనని అత్త మొహం మీద చెప్పి రైలెక్కడం ఆమెవల్ల కాదు. అయితే అత్త భయాన్ని బావ చేతికి కర్రలా ఇవ్వడం అంతకన్నా ఆమెవల్ల కాదు.

విస్తరి ముందు నుంచి లేచి పురోహితుడు వరదయ్య ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద చాప వేసుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. సంగతంతా విని, ఇంత చిన్నదానికి ఇంత రచ్చ ఎందుకమ్మా, పరస్థానం పెడితే సరిపోతుంది గదా అన్నాడు. పరస్థానం అంటే ఏమిటో ఆమెకు వినికిడే గానీ వివరం తెలియదు. ప్రయాణం మంచి రోజున కుదరనప్పుడు, అంతకు ముందే వచ్చే మంచి ఘడియలో, పసుపు బట్టలో బియ్యమూ, పోకచెక్కా, పసుపుకొమ్మూ, కట్టుకునే చీర ఒకటీ మూటగట్టి, పోవలసిన దిక్కున వేరే చోట పెట్టి రావాలి. దాంతో మనిషి బయలుదేరినట్టే లెక్క, ఆపైన ఏ వారం శూలా అంటదు. రేపు గురువారం, పడమటికి దివ్యంగా ఉంది, పొద్దున్నే పెట్టేయమన్నాడు వరదయ్య. అయితే పెట్టిన మూట ప్రయాణం దాకా అక్కడి నుంచి కదలరాదు. అది తిరిగి ఇంటికి వచ్చిందంటే ప్రయాణం చెడినట్టేనని కూడా హెచ్చరించాడు.

మునిలక్ష్మి ఇంటికి వచ్చి ఆ మాట చెబితే సుబ్బులమ్మ మొహం చేటంత అయింది. తన అత్తగారు కార్వేటినగరం నుంచి కాశీకి పోయేటప్పుడు అట్లాగే పెట్టిందని, క్షేమంగా గంగ తెచ్చిందని, ఇంత సంగతి తను ఎట్లా మరిచానని ఒకటే చెప్పుకుపోయింది. ముట్టకుండా వదిలేసిన అన్నం ముందుకు లాక్కుని తినడం మొదలుపెట్టింది. ఆచారం పేరు చెప్పి కట్టిన కట్ట ఆచారంతోనే తెగింది. పరంధామయ్యకు అడ్డు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"పెట్టుకో. ఎవురింట్లో పెడతావో నేనూ సూస్తా," అని కండువా భుజాన వేసుకుని వీధిలోకి పోయాడు.

ఆ మాటకు అర్థం మర్నాడు పొద్దున తెలిసింది.

మూట నాగరత్నమ్మే కట్టింది. మొగుడు చూడకుండా, దేవుడి గూట్లో పసుపుకొమ్ము తీసి తెచ్చింది. సుబ్బులమ్మ కోడలి నుదుట బొట్టు పెట్టి, గడప దాకా వచ్చి సాగనంపింది. మునిలక్ష్మి పడమటి వైపు నడిచింది. మొదటిది గుడ్డలంగడి కుప్పయ్య ఇల్లు. కుప్పయ్య భార్య మూటను చూడగానే మాకు మైల అంది. ఎవరు పోయారని అడిగితే దూరపు చుట్టమంది. ఆ తరువాతది రాఘవమ్మ ఇల్లు. ఆమె కూతురికి పదో తరగతి లెక్కలు గట్టెక్కించింది మునిలక్ష్మే. మా ఆయన ఊళ్లో లేడు, ఆయన్నడగకుండా పెట్టుకోలేనంది రాఘవమ్మ. ఆయన చెప్పులు గడప ముందే ఉన్నాయి. మూడో ఇంట్లో ఆమె మెట్టెక్కక ముందే తలుపు మూసుకుంది.

వీధంతా చూస్తోంది. రాత్రి పరంధామయ్య కండువా వేసుకుని ఎక్కడికి పోయాడో ఇప్పుడు అర్థమైంది. ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాడు. మునిలక్ష్మికి ఏడుపు రావలసింది. రాలేదు. ఒళ్లంతా కోపం ఎక్కింది. పిల్లలకు లెక్కలు చెప్పించుకోవడానికి పనికొచ్చినదాన్ని, ఒక గుప్పెడు బియ్యం మూట పెట్టుకోవడానికి పనికిరాకపోయానా అనుకుంది. వెనక్కి తిరిగితే గడపలో అత్త ఇంకా నిలబడి ఉంది. ఆ మూటతో ఆ గడప లోపలికి పోవడమంటే జాంబియా లేదు, లుసాకా లేదు, ఏ విమానమూ లేదు.

వీధికి పడమటి కొసన మిగిలింది ఒక్కటే. పరంధామయ్య మండీ.

అది మంచి బేరాల వేళ. ఐరాల వైపు నుంచి, పూతలపట్టు వైపు నుంచి వచ్చిన బండ్లు బయట నిలబడి ఉన్నాయి. లోపల బెల్లం మూటలు వరసగా దించి ఉన్నాయి. ఈగలు, చెమట, బెల్లం వాసన. పరంధామయ్య గద్దె మీద ఉన్నాడు. ఏకాంబరం పని ఏకాంబరం చేస్తున్నాడు. ప్రతి సరుకు ముందూ నిలబడి ఇది ఎవరిదని కేక వేయాలి, దించిన రైతు నాదని చెప్పాలి. అట్లా చెప్పిన తరువాతనే బేరం, తూకం. ఆ మండీలో ఒక కట్టుబాటు ఉంది. దించిన సరుకును దించినవాడు తప్ప ఎవరూ ముట్టరాదు. ధర నచ్చకపోతే రైతు ఎన్నాళ్లయినా అక్కడే ఉంచుకోవచ్చు, ఒక్క దిమ్మె కూడా కదలదు. ఒకసారి గుమాస్తా ఒకడు దారికి అడ్డమని ఐరాల గురప్ప మూటను పక్కకు జరిపితే, పరంధామయ్య అందరిముందూ వాణ్ణి పనిలో నుంచి తీసేశాడు. రైతులు ఆ మండీనే వెతుక్కుంటూ రావడానికి కారణం ఆ కట్టుబాటే.

మునిలక్ష్మి చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్లు మండీలో కాలు పెట్టడం ఎవరూ చూసి ఎరగరు. రైతులు మాటలాపి జరిగి దారి ఇచ్చారు. వరసలో చివరి మూట పక్కన ఆమె తన పసుపు మూటను దించింది.

పరంధామయ్య గద్దె మీద నుంచే హమాలీని పిలిచాడు.

"పెంచలయ్యా, దాన్ని తీసి బయట పెట్టు."

పెంచలయ్య రెండడుగులు వేసి ఆగిపోయాడు. మూటను చూశాడు, చుట్టూ ఉన్న రైతులను చూశాడు.

"దించిన సరుకు బావా," అంది మునిలక్ష్మి. "మీ మండీలో దించినాను. నేను ఎత్తిందాకా ఎవురూ ముట్టరంట గదా."

ఎవరూ నవ్వలేదు. గురప్ప కూడా ఆ పొద్దు మండీలోనే ఉన్నాడు. నెమ్మదిగా తలపాగా తీసి చేతిలో పట్టుకుని, పరంధామయ్య ఏం చెబుతాడా అని చూస్తున్నాడు. అందరి కళ్లలోనూ అదే ప్రశ్న ఉందని పరంధామయ్యకు తెలిసింది. ఈవేళ ఈ మూట కదిలితే రేపు వాళ్ల మూటలూ కదులుతాయి. ఆయన మొహం కందిపోయింది. కాసేపటికి దారి దొరికింది.

"పెండ్లాం దించినా మొగుడు దించినా ఒకటే. నువ్వు ఎత్తు ఏకాంబరం. ఇంటికి తీసకపో."

మండీ అంతా ఏకాంబరం వైపు తిరిగింది. మునిలక్ష్మి మాత్రం ఆయన వైపు చూడలేదు. నిన్న సాయంత్రం చూసిన చూపు చాలనుకుంది. ఆయన ఎత్తితే ఎత్తనీ, ఆ తరువాత ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు, అంతే గదా అని మూట మీదే కళ్లు పెట్టుకుని నిలబడింది.

ఏకాంబరం వరస దాటుకుని వచ్చాడు. పసుపు మూట ముందు ఆగాడు. వంగలేదు. రోజూ వేసే కేకే వేశాడు.

"ఈ సరుకు ఎవురిది?"

"నాది," అంది మునిలక్ష్మి.

ఏకాంబరం అన్న వైపు తిరిగాడు.

"ఆమెదంట అన్నా. నేను గూడా ముట్టకూడదు."

అని, పక్క మూట దగ్గరికి పోయి అది ఎవరిదని అడిగాడు. ఆ మూట రైతు నోరు తెరుచుకుని చూస్తుంటే, పక్కనున్నవాడు పొడిచి జవాబు చెప్పించాడు.

పరంధామయ్య గద్దె దిగాడు. మునిలక్ష్మికి దగ్గరగా వచ్చి, రైతులకు వినపడకుండా మాట్లాడాడు. ఆయన కళ్లలో కోపం లేదు. ఆమె ఎన్నడూ చూడనిది ఏదో ఉంది.

"ఇథియోపియాదైతే నాకేమి, ఇండియాదైతే నాకేమి అమ్మణ్ణీ. విమానం సంగతి కాదు. నువ్వు పోతే రేపు వాడూ పోతానంటాడు. వాడు పోతే ఈ మండీ తలుపు తీసేదెవురు? నాకెవురుండారు?"

మునిలక్ష్మికి ఒక్క క్షణం జాలి వేసింది. ఈ మాట మొదటినాడే చెప్పి ఉంటే, ముగ్గురూ కూర్చుని ఏడ్చి అయినా ఒక దారి వెతుక్కునేవాళ్లు. తోడులూ శూలలూ మైలలూ ఇన్ని అడ్డం పెట్టి, వీధి వీధంతా తన మొహాన తలుపులు వేయించాక చెబుతున్నాడు. ఆ తలుపు చప్పుడు గుర్తుకొచ్చి జాలి ఆవిరైపోయింది.

"ఆ మాట ఆయన్నడగండి బావా. నా విమానాన్ని అడ్డం పెట్టుకోని అడగొద్దు."

ఏకాంబరం అవతల నిలబడి అంతా విన్నాడు. పరంధామయ్య తమ్ముడి వైపు చూడలేదు. చేత్తో మొలలోని తాళంచెవుల గుత్తి తడుముకున్నాడు.

"పరస్థానం పెట్టినావు గదా. బయలుదేరినట్టే లెక్క. బయలుదేరినదానివి, ఇంక నా గడప తొక్కొద్దు. నీ పాస్‌పోర్టు నా ఇనప్పెట్టెలో ఉండాది. దేంట్లో పోతావో పో."

పాస్‌పోర్టు వచ్చిన రోజున, భద్రంగా ఉంటుందని మునిలక్ష్మి తన చేత్తోనే తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టింది. మంగళవారానికి ఎంతో దూరం లేదు. ఏడ్చి అడిగితే ఇస్తాడేమో, కాళ్లు పట్టుకుంటే ఇస్తాడేమో. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు సిగ్గేసింది.

"పెట్టుకోండి బావా. దాంట్లో పేరు నాది, ఫోటో నాది. దాన్ని పెట్టుకోని మీరు యాడికీ పోలేరు," అంది.

ఖాళీ గోతం ఒకటి పరుచుకుని తన మూట పక్కన కూర్చుంది. ఎవరు సరుకు దించితే వాళ్లు దాని పక్కన కూర్చోవచ్చు, అదీ ఆ మండీ కట్టుబాటే. గురప్ప తన మూట కాస్త జరుపుకుని ఆమెకు చోటిచ్చాడు. పరంధామయ్య గద్దె ఎక్కలేదు, ఇంటికీ పోలేదు, మధ్యలో నిలబడిపోయాడు.

అప్పుడు ఏకాంబరం వరస వదిలి వచ్చాడు. అన్నను గానీ పెండ్లాన్ని గానీ చూడలేదు. రోజూ తలుపు తీసే మండీ తాళంచెవి మొలలో నుంచి తీసి ఖాళీగా ఉన్న గద్దె మీద పెట్టి, మళ్లీ పోయి ఆగిన చోట నుంచే కేక అందుకున్నాడు. తనతో వస్తానని చెబుతున్నాడో, పాస్‌పోర్టుకు బదులుగా అన్నతో బేరం పెడుతున్నాడో మునిలక్ష్మికి తెలియలేదు.

తమ్ముడు దించిన ఆ తాళంచెవిని పరంధామయ్య ముట్టలేదు.